గట్టు తగాదా, ఒకే కాలువ

2020 జూన్ 15 రాత్రి లదాఖ్‌లోని గల్వాన్ లోయలో రెండు అణ్వస్త్ర దేశాల సైనికులు రాళ్లతో, ఇనుప రాడ్లతో, మేకులు దిగ్గొట్టిన కర్రలతో కొట్టుకున్నారు. మన వైపు 20 మంది ప్రాణాలు కోల్పోయారు. వాళ్లకు నాయకత్వం వహించిన 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ సంతోష్ బాబుది సూర్యాపేట. తన వైపు నలుగురు చనిపోయారని ఒప్పుకోవడానికి చైనాకు ఎనిమిది నెలలు పట్టింది. ఆ రాత్రి మనవాళ్ల దగ్గర తుపాకులు ఉన్నా ఎవరూ పేల్చలేదు. కారణం 1996లో రెండు దేశాలు సంతకాలు చేసిన ఒక కాగితం. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపకూడదు, పేలుళ్లు చేయకూడదు, చివరికి తుపాకీతో వేట కూడా ఆడకూడదు అని అందులో రాసి ఉంది. ఆ కాగితానికి తల్లి 1993 సెప్టెంబర్ 7న బీజింగ్‌లో కుదిరిన శాంతి ఒప్పందం. ఆనాడు మన ప్రధాని వంగర నుంచి వెళ్లిన పి.వి. నరసింహారావు. ఇక గల్వాన్ జరిగి వారం తిరగకముందే, బీజింగ్ కేంద్రంగా పనిచేసే ఆసియా మౌలిక సదుపాయాల పెట్టుబడి బ్యాంకు నుంచి కోవిడ్ సాయం కింద 75 కోట్ల డాలర్ల రుణం తీసుకునే ఒప్పందంపై భారత్ సంతకం చేసింది. వీరుల చితి మంటలు ఆరకముందే ఈ సంతకమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. చైనాతో మన సంబంధం స్వభావమే అంత. అది అర్థం కావాలంటే స్నేహం, శత్రుత్వం అనే రెండు మాటలనూ కాసేపు పక్కన పెట్టాలి.

పల్లెల్లో గట్టు తగాదా ఉన్న ఇద్దరు రైతులను తలచుకోండి. కేసు కోర్టులో నడుస్తూ ఉంటుంది. పెళ్లికి పిలుపులుండవు, ఎదురుపడితే ముఖాలు తిప్పుకుంటారు. కానీ కాలువకు నీళ్లొచ్చిన రోజు వంతుల గురించి ఇద్దరూ మాట్లాడుకోక తప్పదు. తగాదా తీరలేదు కదా అని ఎవడూ పైరు ఎండబెట్టుకోడు. 1988 నుంచి భారత్, చైనా ఇలాగే బతికాయి. సరిహద్దు తగాదాను ఓ మూలకు నెట్టి మిగతా వ్యవహారాలు సాగించాయి. అయితే ఈ పోలికను ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లాలి. ఆ ఇద్దరిలో ఒకడు ఈ మధ్యలో పెరిగి పెద్దవాడై, కాలువ తూము తాళం తన దగ్గరే పెట్టుకున్నాడనుకోండి. అప్పుడు వంతుల చర్చ కూడా గట్టు తగాదాలో భాగమైపోతుంది. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఇదే. చైనాతో మన అసలు పోటీ మంచుకొండల మీద నుంచి ఫ్యాక్టరీల్లోకి దిగి వచ్చింది. సరిహద్దు చర్చల్లో మన మాటకు ఎంత బరువుంటుందన్నది కొండ మీద ఎంతమంది సైనికులున్నారన్న దానితో పాటు, కింద ఎన్ని సరుకులకు మనం చైనా వైపు చూస్తున్నామన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. సహకారమే పోటీకి పనిముట్టు అయింది.

తగాదా ఎక్కడ మొదలైందో చూద్దాం. సోషలిస్టు కూటమి బయటి దేశాల్లో కొత్త చైనాతో మొట్టమొదట, 1950 ఏప్రిల్ 1న, దౌత్య సంబంధాలు పెట్టుకున్నది మనమే. 1954లో టిబెట్‌తో వ్యాపారం, రాకపోకల గురించి కుదిరిన ఒప్పందం పీఠికలోనే పంచశీల సూత్రాలు కనిపిస్తాయి. చిత్రమేమిటంటే, రెండు దేశాల మధ్య హద్దు ఎక్కడన్న మాట ఆ ఒప్పందంలో ఎక్కడా లేదు. హద్దు తేలిందనే నెహ్రూ నమ్మకం. హద్దులు బ్రిటిష్‌వాళ్లు గీసినవి, వాటిని తాము ఒప్పుకోలేదన్నది చైనా లెక్క. షిన్‌జియాంగ్ నుంచి టిబెట్‌కు అక్సాయ్‌చిన్ మీదుగా చైనా వేసిన రోడ్డు 1957లో పూర్తయ్యాక గాని ఈ మౌనం ఖరీదు మనకు తెలియలేదు. 1959లో దలైలామా భారత్‌కు వచ్చారు. ఆ అక్టోబర్‌లోనే లదాఖ్‌లో పది మంది పోలీసులు చైనా కాల్పుల్లో చనిపోయారు. ఏటా అక్టోబర్ 21న దేశమంతా పోలీసు అమరవీరుల దినం జరుపుకునేది వాళ్ల జ్ఞాపకంగానే. 1960లో చౌ ఎన్‌లై ఢిల్లీకి వచ్చి, తూర్పున మీది మీరు ఉంచుకోండి, పశ్చిమాన మాది మాకు వదలండి అన్న ధోరణిలో మాట్లాడారు. భారత్ ఒప్పుకోలేదు. రెండేళ్లకు యుద్ధం వచ్చింది. నెల రోజుల్లో మన సేనను చిత్తు చేసి, 1962 నవంబర్ 21న తనంతట తానే కాల్పుల విరమణ ప్రకటించి చైనా తూర్పున వెనక్కి పోయింది, పశ్చిమాన అక్సాయ్‌చిన్‌లో ఉండిపోయింది. అక్కడ 38,000 చదరపు కిలోమీటర్లు నేటికీ దాని చేతిలోనే ఉన్నాయి. ఇటు అరుణాచల్‌లో దాదాపు 90,000 చదరపు కిలోమీటర్లు తనవని అంటూనే ఉంది. హద్దు పొడవెంత అన్న దానిలో కూడా ఏకాభిప్రాయం లేదు. మనం 3,488 కిలోమీటర్లు అంటాం, చైనా సుమారు 2,000 అంటుంది. కొలతలే కలవని చోట కేసు తేలడం ఎంత కష్టమో చెప్పాలా!

1976లో కె.ఆర్. నారాయణన్ రాయబారిగా బీజింగ్ వెళ్లారు. అలా యుద్ధం జరిగిన పద్నాలుగేళ్లకు రాయబారి స్థాయి సంబంధాలు మళ్లీ మొదలయ్యాయి. 1988 డిసెంబర్‌లో రాజీవ్ గాంధీ చైనా వెళ్లినప్పుడు డెంగ్ షియావోపింగ్ ఆయన చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. కెమెరాలకు ఆ దృశ్యం నచ్చింది. దాని వెనుక నిజంగా మారిందేమిటంటే, సరిహద్దు తేలేదాకా మిగతాదేదీ కదలదన్న పాత పట్టును భారత్ సడలించడం. దానికి నియమాల రూపం ఇచ్చింది మాత్రం పీవీ. 1993 నాటి పరిస్థితి చూడండి. సోవియట్ యూనియన్ కూలిపోయింది. మనకు కష్టకాలంలో వెనుక నిలిచే పెద్ద దిక్కు లేదు. రెండేళ్ల కిందటే బంగారం తాకట్టు పెట్టిన ఖజానా మనది. ఇటు కశ్మీర్ రగులుతోంది. కొండల మీద రెండు వైపులా సైన్యాన్ని మేపే స్తోమత అప్పుడు లేదు. తియనాన్మెన్ కాల్పుల తర్వాత ప్రపంచం దూరం పెట్టిన చైనాకు కూడా పొరుగున ప్రశాంతత కావాలి. అవసరాలు రెండు వైపులా కలిశాయి. హద్దు ఎవరిదో తేల్చకుండానే, ఇప్పుడు ఎవరు ఎక్కడున్నారో ఆ గీతను గౌరవిద్దాం, బలాన్ని వాడం, సైన్యాన్ని తగ్గిద్దాం అని రాసుకున్నారు. వాస్తవాధీన రేఖ అన్న మాటను అప్పటిదాకా మనం ఒప్పుకోలేదు. 1959లో చౌ ఎన్‌లై దాన్ని ముందుకు తెచ్చినప్పుడు తిరస్కరించాం. 1993లో అదే మాట మీద సంతకం చేశాం. ఇది లొంగుబాటు అన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ అక్కడక్కడా వినిపిస్తుంది. నా దృష్టిలో అది పీవీ మార్కు పని. పాము చావకుండా, కర్ర విరగకుండా కాలాన్ని కొనుక్కోవడం. ఆ కాలమే మనకు ఆర్థిక సంస్కరణలకు ఊపిరి పోసింది. 1975లో అరుణాచల్‌లోని తులుంగ్ లా దగ్గర నలుగురు అస్సాం రైఫిల్స్ జవాన్లు చనిపోయాక, గల్వాన్ దాకా 45 ఏళ్ల పాటు ఆ సరిహద్దులో ఘర్షణల వల్ల ఒక్క ప్రాణం పోలేదు. పాకిస్తాన్ వైపు నియంత్రణ రేఖతో పోల్చి చూస్తే ఈ లెక్క విలువ తెలుస్తుంది.

సరిహద్దు బయట ఈ ఇద్దరూ ఎంత తరచుగా ఒకే బెంచీ మీద కూర్చున్నారో మన పత్రికల్లో తగినంతగా రాదు. యుద్ధం జరిగి తొమ్మిదేళ్లే అయినా, 1971లో ఐక్యరాజ్యసమితిలో తైవాన్ స్థానాన్ని బీజింగ్‌కు ఇవ్వాలన్న తీర్మానానికి భారత్ అనుకూలంగా ఓటేసింది. 2009లో కోపెన్‌హేగన్ వాతావరణ సదస్సులో బ్రెజిల్, దక్షిణాఫ్రికాలను కూడా కలుపుకుని, ధనిక దేశాల ఒత్తిడిని భారత్, చైనా కలిసి నిలవరించాయి. 2021లో గ్లాస్గోలో బొగ్గును పూర్తిగా మానేయాలన్న వాక్యాన్ని తగ్గించాలి అని మార్పించింది కూడా ఈ ఇద్దరే. గల్వాన్ జరిగి అప్పటికి ఏడాదిన్నర కూడా కాలేదు, సరిహద్దులో వేలాది సైనికులు ఎదురెదురుగా నిలబడే ఉన్నారు. ప్రపంచ వాణిజ్య సంస్థలో ప్రభుత్వం మద్దతు ధరకు ధాన్యం కొని నిల్వ చేసే హక్కు కోసం మనం పోరాడే బృందంలో చైనా కూడా సభ్యురాలే. ఆ పోరాటం ఓడితే ఆ దెబ్బ నేరుగా గోదావరి జిల్లాల, కరీంనగర్ వరి రైతుల మీద పడుతుంది. ఆసియా మౌలిక బ్యాంకులో చైనా తర్వాత పెద్ద వాటాదారు మనం, అందరికంటే ఎక్కువ రుణం తీసుకున్నదీ మనమే. ఆంధ్రప్రదేశ్‌లో 24 గంటల విద్యుత్ పథకానికి, గ్రామీణ రోడ్లకు 2017, 2018లలో ఆ బ్యాంకు రుణాలు మంజూరు చేసింది. ఇదంతా చైనా ఔదార్యం కాదు, మన అమాయకత్వమూ కాదు. నూట నలభై కోట్ల చొప్పున జనం ఉన్న రెండు దేశాలకు పాత ధనిక దేశాలు రాసిన నియమాలు ఇరుకవుతాయి. ఆ ఇరుకు ఇద్దరికీ ఒకటే. కాబట్టి ఢిల్లీలో ఎవరు గద్దె మీద ఉన్నా ఈ సహకారం కొనసాగుతూ వచ్చింది. అయితే దీనికీ ఒక హద్దుంది. పాత నియమాలను మార్చే దగ్గర కలిసే చైనా, ఆ కొత్త నియమాల్లో మనకు కుర్చీ వేసే దగ్గర మాత్రం అడ్డుపడుతుంది. 2016లో సియోల్‌లో అణు సరఫరాదారుల బృందంలో మన ప్రవేశాన్ని ఆపింది. భద్రతా మండలిలో మన శాశ్వత స్థానం మాట వస్తే మాట దాటేస్తుంది. జైషే మహ్మద్ అధిపతి మసూద్ అజర్‌ను ఐక్యరాజ్యసమితి ఉగ్రవాదుల జాబితాలో చేర్చకుండా ఏళ్ల తరబడి అడ్డుపడి, 2019 మే 1న గాని పక్కకు తప్పుకోలేదు.

మరి అంత బాగా పనిచేసిన 1993 నాటి ఏర్పాటు ఎందుకు బీటలు వారింది? షీ జిన్‌పింగ్ వచ్చాక అంతా మారిందని చెప్పడం తేలిక. ఆ మాటలో నిజం లేకపోలేదు. 2014 సెప్టెంబర్‌లో అహ్మదాబాద్‌లో సబర్మతి ఒడ్డున ఆయన మన ప్రధానితో కలిసి ఊయల ఊగుతున్న సమయానికే లదాఖ్‌లోని చుమార్‌లో చైనా సైనికులు ముందుకొచ్చి నిలబడ్డారు. కానీ ఒక మనిషి మీద నెట్టేస్తే అసలు లోపం కనపడదు. ఆ ఒప్పందం నిలబడ్డ గీతను ఎవరూ కాగితం మీద గీయలేదు. గీతను గౌరవిస్తామన్నారు, గీత ఎక్కడుందో చెప్పలేదు. తర్వాత పటాలు మార్చుకుందామనుకున్నారు. 2000లో ఉత్తరాఖండ్, హిమాచల్ వైపున్న మధ్య విభాగం పటాలు మార్చుకున్నారు. 2002లో పశ్చిమ విభాగం దగ్గరకు వచ్చేసరికి ఒకరి పటం చూసి మరొకరు వెనక్కి తీసుకున్నారు. అక్కడితో ఆ పని ఆగింది. చాలాచోట్ల రెండు వైపుల గస్తీ దళాలూ ఒకే నేల మీద తిరగాల్సి వచ్చేది. ఇద్దరూ బలహీనంగా, దూరంగా ఉన్నంతకాలం దీనితో ప్రమాదం లేదు. 2006లో చైనా రైలు లాసాకు చేరింది. మనం కూడా ఆలస్యంగా మేలుకుని దర్బుక్ నుంచి దౌలత్ బేగ్ ఓల్డీ దాకా 255 కిలోమీటర్ల రోడ్డు వేసుకున్నాం. రోడ్లు వచ్చాక గస్తీలు పెరిగాయి, ఎదురుపడటాలు పెరిగాయి. 2013 దెప్సాంగ్, 2014 చుమార్, 2017లో 73 రోజుల డోక్లామ్, చివరికి గల్వాన్. దానికి తోడు తరాజు వంగిపోయింది. 1990 నాటికి తలసరి ఆదాయంలో రెండు దేశాలూ ఇంచుమించు ఒకే మెట్టు మీద ఉన్నాయి. ఇప్పుడు చైనా ఆర్థిక వ్యవస్థ మన దానికి దాదాపు ఐదింతలు. సమానుల మధ్య రాసుకున్న ఒప్పందాన్ని, సమానత పోయాక పెద్దవాడు తనకు అనువుగా చదువుకున్నాడు. 2020 సెప్టెంబర్ 7న లదాఖ్‌లోని పాంగాంగ్ సరస్సు దక్షిణ ఒడ్డు దగ్గర గాలిలోకి తూటాలు పేలాయి. పేల్చింది మీరంటే మీరని రెండు వైపులా నిందించుకున్నారు. పీవీ నాటి ఒప్పందానికి సరిగ్గా 27 ఏళ్లు నిండిన రోజది.

తరాజు ఎంత వంగిందో చూడాలంటే ఎగుమతి దిగుమతుల పద్దు తెరవాలి. 2000లో ఇరు దేశాల వ్యాపారం మొత్తం కలిపినా 300 కోట్ల డాలర్లు లేదు. 2024-25లో చైనా నుంచి మనం కొన్నది 11,345 కోట్ల డాలర్ల సరుకు, అమ్మింది 1,425 కోట్ల డాలర్లది. తేడా 9,900 కోట్ల డాలర్ల పైమాటే. లోటు ఉండటమే తప్పని నేను అనను. గల్ఫ్ దేశాల నుంచి చమురు కొంటే కూడా లోటే. భయపెట్టాల్సింది లోటు మొత్తం కంటే దాని లోపలి సరుకుల జాబితా. మనం పంపేది ఇనుప ఖనిజం, నూలు, రొయ్యలు, మిర్చి. గుంటూరు, ఖమ్మం యార్డుల్లో తేజ రకం ధర చైనా కొనుగోళ్లను బట్టి లేస్తుంది, పడుతుంది. సముద్ర ఉత్పత్తులకు అమెరికా తర్వాత పెద్ద మార్కెట్ చైనానే. మనం తెచ్చుకునేది ఎలక్ట్రానిక్ విడిభాగాలు, యంత్రాలు, రసాయనాలు, మందుల ముడిసరుకు. హైదరాబాద్‌ను బల్క్ డ్రగ్ రాజధాని అని గర్వంగా చెప్పుకుంటాం, అది నిజమే. కానీ మన దేశం దిగుమతి చేసుకునే ముడి ఔషధాల్లో దాదాపు 70 శాతం చైనావే. ఒకప్పుడు పెన్సిలిన్-జి మన దగ్గరే తయారయ్యేది. చైనా చౌక ధరకు తట్టుకోలేక ఆ ఫ్యాక్టరీలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఎవరూ బలవంతంగా మూయించలేదు, చౌకగా దొరుకుతుంటే ఎందుకు తయారుచేయాలని మనమే అనుకున్నాం. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రకాల రేర్ ఎర్త్ లోహాలకు, వాటితో చేసే అయస్కాంతాలకు ఎగుమతి అనుమతి తప్పనిసరి చేసింది. ఆ నిర్ణయం గురి అమెరికా మీద. దెబ్బ మాత్రం మన విద్యుత్ వాహనాల కంపెనీలకు కూడా తగిలింది. బండిలో ఆ అయస్కాంతం ఖరీదు పెద్దదేమీ కాదు, అది లేకపోతే మోటారు తిరగదు. తూము తాళం అంటే ఇదే. చిత్రమేమిటంటే ఆ లోహాలున్న మోనజైట్ మన శ్రీకాకుళం తీరం ఇసుకలోనే ఉంది. విశాఖపట్నంలో 2023లో ప్రారంభించిన ప్రభుత్వ అయస్కాంతాల ఫ్యాక్టరీ సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలు. టన్నుల్లో చెప్పాలంటే మూడు.

అయితే చైనా సరుకును బహిష్కరిస్తే సరి అనే వాదన ఉంది. అందులోని ఆవేదనను తీసిపారేయకూడదు. కానీ ఆ వాదనను ఇప్పటికే ఒకసారి పరీక్షించి చూశాం. గల్వాన్ తర్వాత టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించాం, వీధుల్లో చైనా టీవీలు పగలగొట్టాం, పొరుగు దేశాల పెట్టుబడికి అనుమతిని అంతకు రెండు నెలల ముందే తప్పనిసరి చేశాం. ఆ ఏడాది మన దిగుమతులు సుమారు 6,500 కోట్ల డాలర్లు. నాలుగేళ్లకు అవి 11,300 కోట్లు దాటాయి. అదే కాలంలో మన ఎగుమతులు మూడో వంతు తగ్గాయి. బహిష్కరణ నినాదం మారుమోగిన కాలంలోనే దిగుమతులు రికార్డు కొట్టాయంటే కారణం ఏమిటి? మన ఫ్యాక్టరీలు పెరిగాయి. ఆ ఫ్యాక్టరీలకు కావాల్సిన యంత్రాలు, భాగాలు అక్కడి నుంచే రావాలి. ఫోన్ల ఉదాహరణ చూడండి. 2015లో శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కేంద్రంలో షియోమీ ఫోన్లు బిగించడం మొదలైనప్పుడు వచ్చినవి ముఖ్యంగా బిగింపు ఉద్యోగాలు, చిప్పు, తెర, బ్యాటరీ సెల్ బయటివే. అది కూడా మొదటి మెట్టుగా మంచిదే, అక్కడే ఆగిపోతే మంచిది కాదు. సౌర ఫలకాల విషయంలో నినాదం బదులు విధానం నడిచింది. 2022 ఏప్రిల్ నుంచి 40 శాతం సుంకం వేశాం, ప్రభుత్వ పథకాల్లో వాడటానికి ఆమోదిత తయారీదారుల జాబితా పెట్టాం, ఇక్కడ ఫలకాల తయారీ గట్టిగా పెరిగింది. ఫలకం లోపలి పలుచని సిలికాన్ పొరలకు మాత్రం ఇంకా చైనా వైపే చూస్తున్నాం. పని సగం అయిందని చెప్పవచ్చు. మిగతా సగానికి చైనా పెట్టుబడినే వాడుకోవాలన్నది 2024 జులైలో వచ్చిన ఆర్థిక సర్వే సూచన. సరుకు కొనే బదులు దాన్ని తయారుచేసే కంపెనీని రప్పించుకోవడం మేలని దాని తర్కం. దీని మీద దేశంలో చాలామంది భగ్గుమన్నారు. నాకు మాత్రం, టెలికాం, విద్యుత్ గ్రిడ్ లాంటి సున్నితమైన రంగాలను వదిలి, సాంకేతికత ఇక్కడివాళ్లకు నేర్పాలన్న షరతుతో రానివ్వడంలో తప్పు కనపడదు. జపాన్, జర్మనీ కంపెనీలతో చైనా చేసింది కూడా సరిగ్గా అదే. నేర్చుకున్నది ఎవరి దగ్గరైతేనేం!

రెండో వాదన దీనికి ఎదురు కొసన ఉంటుంది. చైనాను మనం ఒంటరిగా తట్టుకోలేం కాబట్టి అమెరికాతో పూర్తిగా కలిసిపోవాలి అంటారు. గల్వాన్ తర్వాత ఆ దిశగా గట్టి అడుగులే పడ్డాయి. 2020 అక్టోబర్‌లో ఉపగ్రహ, పటాల సమాచారం పంచుకునే ఒప్పందం కుదిరింది, జపాన్, ఆస్ట్రేలియాలతో కలిసిన క్వాడ్‌కు బలం వచ్చింది. ఈ సహకారం అవసరమే, వదులుకోమనడం తెలివితక్కువ. కానీ 2025 ఆగస్టు 27న ఏం జరిగిందో గుర్తుంచుకోవాలి. రష్యా చమురు కొంటున్నామన్న నెపంతో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల దాకా ఆ సెగ తగిలింది. రష్యా చమురును మనకంటే ఎక్కువగా కొనే చైనా మీద ఆ పేరుతో సుంకం వేయలేదు. ఎందుకు? రేర్ ఎర్త్ తూము చైనా చేతిలో ఉంది కాబట్టి. ఒక పెద్ద దేశం మన కోసం మరో పెద్ద దేశంతో శాశ్వతంగా తగాదా పెట్టుకుంటుందన్న ఆశ అన్ని కాలాల్లోనూ ఖరీదైన ఆశే. వాషింగ్టన్‌తో మన బేరం కుదరాలంటే బీజింగ్‌తో మాట్లాడే దారి తెరిచి ఉండాలి, బీజింగ్‌తో కుదరాలంటే వాషింగ్టన్ తలుపు తెరిచి ఉండాలి. రెండింటికీ అడుగున మన సొంత సత్తువ ఉండాలి.

ఇక మూడోది, అన్నిటికంటే బరువైన అభ్యంతరం. చైనా సంతకానికి విలువేముంది, 1993 నుంచి 2013 దాకా ఇన్ని ఒప్పందాలు చేసుకున్నాం, 2020లో అన్నీ తుంగలో తొక్కలేదా అని. తొక్కిన మాట నిజం. ఒప్పందాలకు విరుద్ధంగా చైనా సరిహద్దుకు భారీగా బలగాలను తరలించిందని మన ప్రభుత్వం పార్లమెంటులోనే చెప్పింది. పాకిస్తాన్ సంగతి కూడా దీనికి కలుస్తుంది. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో పాకిస్తాన్ వాడింది చైనా యుద్ధ విమానాలు, చైనా క్షిపణులు. మన కదలికల సమాచారాన్ని చైనా ఎప్పటికప్పుడు పాకిస్తాన్‌కు అందించిందని మన సైన్యం ఉప అధిపతి బహిరంగంగానే చెప్పారు. ఇలాంటి పొరుగుతో నమ్మకం మీద ఒప్పందాలు చేసుకోవాలని నేను అనడం లేదు. అసలు నమ్మకం ఉన్నచోట ఒప్పందం అవసరమే లేదు. కాగితం పని నమ్మకం పుట్టించడం కాదు, తప్పు జరిగినప్పుడు అది ఎంతదూరం పోవచ్చో కట్టడి చేయడం. గల్వాన్‌లో తుపాకులు పేలి ఉంటే ఏమై ఉండేదో ఊహించండి. కాగితం ఒక్కటే చాలదన్నది కూడా అంతే నిజం. 2020 ఆగస్టు చివర మన సైన్యం కైలాస్ శ్రేణి శిఖరాలను ముందుగా ఎక్కి కూర్చున్నాకే పాంగాంగ్ ఒడ్డు నుంచి రెండు వైపులా వెనక్కి తగ్గడానికి చైనా దిగివచ్చింది. చేతిలో ఏదో ఒకటి ఉన్నప్పుడే బల్ల దగ్గర మాట చెల్లింది. ఫ్యాక్టరీల సంగతి కూడా అంతే. పెన్సిలిన్-జి మళ్లీ 2024లో కాకినాడలో తయారవడం మొదలైంది. 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం దానికి ఊతం. అనకాపల్లి జిల్లా నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కు వస్తోంది. ఇవి వార్తల్లో వాణిజ్య పేజీకి పోతాయి. నన్నడిగితే విదేశాంగ పేజీలో వేయాల్సినవి.

2024 అక్టోబర్ 21న దెప్సాంగ్, దెమ్‌చోక్‌లలో గస్తీ మీద అవగాహన కుదిరింది. రెండు రోజులకు కజాన్‌లో మోదీ, షీ కలిశారు. 2025లో కైలాస మానస సరోవర యాత్ర మళ్లీ మొదలైంది, చైనా పర్యాటకులకు వీసాలిచ్చాం. ఆగస్టు నెలాఖరున ఏడేళ్ల తర్వాత మన ప్రధాని చైనాలో, తియాన్‌జిన్‌లో అడుగుపెట్టారు. అక్టోబర్‌లో నేరుగా విమానాలు ఎగిరాయి. కోవిడ్ రోజుల్లో చైనాలో చదువు మధ్యలో ఆగి, రెండేళ్లకు పైగా ఇళ్లలోనే ఆన్‌లైన్ పాఠాలు విన్న వైద్య విద్యార్థుల్లో తెలుగు పిల్లలు కూడా ఎందరో ఉన్నారు. రాకపోకలు తెరుచుకోవడం అలాంటి కుటుంబాలకు చిన్న విషయం కాదు. కానీ అదే 2025 జులైలో, బ్రహ్మపుత్ర మన దేశంలోకి మలుపు తిరిగే చోటికి దగ్గరలో, టిబెట్‌లోని మెదోగ్‌లో, 60,000 మెగావాట్ల జలవిద్యుత్ ప్రాజెక్టు పనులను చైనా మొదలుపెట్టింది. ఎగువ నది ప్రవాహాల వివరాలు ఇచ్చే ఏర్పాటు 2002లోనే కుదిరింది. 2017లో డోక్లామ్ వివాదం నడుస్తున్న వరద కాలంలో ఆ వివరాలు మనకు అందలేదు. ఈసారి తూము మాట పోలిక కూడా కాదు. అందుకే ఈ సడలింపును పండగలా చూడకూడదు, కుట్ర అని కూడా కొట్టిపారేయకూడదు. కాలాన్ని మరోసారి కొనుక్కున్నాం, 1993లో కొనుక్కున్నట్టే. అప్పుడు కొన్న కాలంలో చైనా ఫ్యాక్టరీలు కట్టింది, మనం ఎక్కువగా దాని సరుకు కొన్నాం. ఈసారి కొన్న కాలాన్ని ఏం చేస్తున్నామో పార్లమెంటులో ప్రతిపక్షం అడగాలి, పత్రికలు అడగాలి. ఎంత భూమి అన్న ప్రశ్నతో పాటు ఎన్ని సరుకులు అన్న ప్రశ్న కూడా ఏటా వేయాలి. సరిహద్దు సంగతి తేల్చడానికి ప్రత్యేక ప్రతినిధులను 2003లో నియమించారు. 2025 ఆగస్టులో ఢిల్లీలో వాళ్లు 24వ విడత కూర్చుని, హద్దు గీయడంలో ముందుగా తేలే చోట్లను చూడటానికి ఒక నిపుణుల బృందం వేద్దామనుకున్నారు. ఇన్నేళ్లలో రెండు దేశాలు మార్చుకున్న పటం మాత్రం 2000 నాటి ఆ మధ్య విభాగానిదొక్కటే, సుమారు 545 కిలోమీటర్లు.